కొంగగారి కొలను తనిఖీ

సీతారత్నంగారి పెరట్లో, మందార చెట్లకీ కుళాయికీ మధ్య, రెండు మంచాలు పట్టేంత చిన్న కొలను ఉంది. అందులో కలువ తీగలు, ఇటుకల అంచున నాచు, ఒక చేపల కుటుంబం, సుబ్బాయమ్మ అనే ముసలి నత్త, వీళ్ళందరికీ పెద్దగా పుల్లంరాజు అనే బోదురుకప్ప ఉండేవారు. పుల్లంరాజుని ఎవరూ ఎన్నుకోలేదు. ఓ వానాకాలం సాయంత్రం గట్టు మీది నల్లరాయి ఎక్కి, ఇవాళ్టి నుంచి నేనే ప్రెసిడెంటుని, కాదనేవాళ్ళు చెప్పండి అన్నాడు. చేపలు ఆ సమయానికి తవుడు తినే పనిలో ఉన్నాయి. నత్త కాదందామనుకుంది గానీ, ఆవిడ నోరు విప్పేసరికి సభ ముగిసింది.

కొలనులో నీళ్ళు కాస్త పచ్చగా ఉండేవి. అడుగు కనబడేది కాదు. అయినా ఎవరికీ ఏ లోటూ లేదు. ఎండ ముదిరితే చేపలు కలువాకుల కిందకి చేరేవి. సుబ్బాయమ్మ రోజంతా నాచు తింటూ గోడలు నున్నగా ఉంచేది. వెంకాయమ్మ అనే చేపకి కిందటి నెల పుట్టిన నలభై ముగ్గురు పిల్లలూ ఆకుల నీడలో దాగుడుమూతలాడుకునేవారు. పుల్లంరాజుకి మాత్రం తన కొలను గురించి ఊళ్ళో ఎవరూ గొప్పగా చెప్పుకోవడం లేదని లోలోపల బెంగ.

ఆ బెంగ ఎలా పసిగట్టాడో గానీ, ఒక ఆదివారం పొద్దున్నే ధవళేశ్వరరావు అనే కొంగ వచ్చి గట్టు మీద వాలాడు. రెక్క కింద ఎండిన బాదం ఆకు ఒకటి పెట్టుకున్నాడు. అది ఫైలట. తాను కొలనుల పరిశుభ్రత శాఖ నుంచి వచ్చాననీ, పెరడు పెరడూ తిరిగి ఊళ్ళోకల్లా ఉత్తమ కొలనుని ఎంపిక చేస్తున్నాననీ చెప్పాడు. పక్కింటివాళ్ళ గుంట దాదాపు గెలిచినట్టేనని కూడా చల్లగా ఓ మాట వదిలాడు.

"పక్కింటి గుంటా? అక్కడ పెద్ద ఆ బక్క కప్పే కదండీ?" అన్నాడు పుల్లంరాజు. గొంతు కింద సంచి ఉబ్బింది.

"బక్కవాడైతేనేం, పనిమంతుడు. మీ నీళ్ళేవిటండి రాజుగారూ, తోటకూర ఉడకేసినట్టున్నాయి?"

పుల్లంరాజుకి తల కొట్టేసినంత పనైంది. ఏం చెయ్యమంటారో సెలవివ్వండి అన్నాడు. కొంగ వరసగా చెప్పుకొచ్చాడు. కలువాకులన్నీ పీకెయ్యాలి, చూడ్డానికి చెత్తలా ఉన్నాయి. నత్తని పంపించెయ్యాలి, ఆ జిగురు చూస్తే పై అధికారులకి వికారం పుడుతుంది. పైనుంచి చూస్తే అడుగున ఇసుక రేణువుతో సహా కనబడాలి, కాపురమున్నవాళ్ళని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకునేంత తేటగా ఉండాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, బురద తేలకూడదు," అన్నాడు చివర్లో, ముక్కుతో బాదం ఆకుకి రెండు కన్నాలు పొడుస్తూ. "ఎంతటివాళ్ళయినా సరే, కాళ్ళు కడుక్కోకుండా ఈ నీళ్ళలో అడుగు పెట్టకూడదు. రాసేసుకున్నాను. గురువారం తనిఖీకి వస్తాను."

కొంగ వెళ్ళగానే సుబ్బాయమ్మ గోడ మీంచి తల బయటపెట్టింది. "బాబూ, నీడ తీసేస్తే నాచు రెట్టింపు పుడుతుంది. తినే నన్ను పంపేస్తే దాన్నెవరు తింటారు?"

ఆవిడకి ఈ కాలం పద్ధతులు తెలియవని పుల్లంరాజు కొట్టిపారేశాడు. మందార కుండీ కిందకి మకాం మార్చమన్నాడు. సరే వెళ్తానంది సుబ్బాయమ్మ. అప్పుడే బయల్దేరింది కూడా.

ఆ సాయంత్రానికల్లా కలువాకులు గట్టు మీద కుప్పపడ్డాయి. సోమవారం నీళ్ళు తేటపడ్డాయి. మంగళవారం పుల్లంరాజు తన పొట్ట తనకే నీళ్ళలో అద్దంలో కనబడినట్టు కనబడితే గంటసేపు చూసుకున్నాడు. బుధవారం ఎండ నేరుగా అడుగుదాకా దిగింది. నాచు తీసినకొద్దీ పుట్టుకొస్తోంది, గీకి గీకి అతని అరచేతులు ఉబ్బిపోయాయి. చేపలు వేడికి తాళలేక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పిల్లలు నలభై ముగ్గురూ ఒక్క ఇటుక నీడలో ఇరుక్కుని, తోక నాది కాదంటే నాది కాదని తగువులాడుకుంటున్నారు.

"రాజుగారూ, నా పిల్లలు ఎక్కడ దాక్కోవాలండి?" అని అడిగింది వెంకాయమ్మ.

"ఎవరి నుంచి దాక్కోవాలమ్మా? రేపు పెద్దమనిషి వచ్చి లెక్కపెడతాడు, అందరూ కనబడేలా బారుగా నిలబెట్టు," అన్నాడు పుల్లంరాజు. ప్రెసిడెంటుకి ఎదురు చెప్పే అలవాటు లేని వెంకాయమ్మ పిల్లల్ని బారు తీర్చడానికి వెళ్ళింది.

గురువారం పొద్దున మందార కొమ్మల మీద జనం కిక్కిరిశారు. సన్మానం చూడ్డానికి రమ్మని కాకినీ గోరింకలనీ ఉడతనీ పుల్లంరాజే పిలుచుకొచ్చాడు. సుబ్బాయమ్మ కూడా ఉంది. నాలుగు రోజుల నుంచి ఆగకుండా వెళ్తోంది, ఇంకా గట్టు దాటలేదు. ఏవిటండి మామ్మగారూ ఇంకా ఇక్కడే ఉన్నారని పుల్లంరాజు విసుక్కుంటే, వెళ్తూనే ఉన్నాను కదా బాబూ అంది.

ధవళేశ్వరరావు వరిచేలోంచి సరాసరి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. గట్టు మీంచి మెడ సాచి నీళ్ళలోకి చూశాడు. కళ్ళు మెరిశాయి. లెక్క మొదలుపెట్టాడు. పదికోసారి ఆగి గుటక వేస్తున్నాడు. ముక్కు చివర నుంచి చొంగ బొట్టు బొట్టుగా కారుతోంది.

"పిల్లలు నలభై మూడు, లేతవి. తల్లి ఒకటి, నిండుగా ఉంది," అన్నాడు తనలో తను. పుల్లంరాజు తనని కూడా లెక్కలో చేర్చుతాడేమోనని ఛాతీ విరుచుకున్నాడు. "కప్ప ఒకటి. బాగా బలిసింది. చివర్లో చూసుకుందాం."

పుల్లంరాజు మొదట ముసిముసిగా నవ్వుకున్నాడు. తర్వాత ఆ మాట ఇంకోసారి మనసులో అనుకున్నాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. నీళ్ళలో వెంకాయమ్మ పిల్లల్ని రెక్కల వెనక్కి తోసుకుంటోంది, ఒక వైపు కప్పితే ఇంకో వైపు కనబడుతున్నారు. ఆ నీడ పీకేసింది తనే, ఆ నీళ్ళు కడిగి పెట్టింది తనే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కొంగ నీళ్ళ వైపు ఓ అడుగు వేశాడు. అప్పుడు గట్టు మీంచి సుబ్బాయమ్మ మెల్లగా అంది. "బాబూ, ఆయన కాళ్ళు చూశావా?"

పుల్లంరాజు చూశాడు. ఒక్క గెంతులో నల్లరాయెక్కి, కొమ్మల మీదివాళ్ళందరికీ వినబడేలా గొంతు పెంచాడు. "అయ్యా, ఆగండి. కాళ్ళు కడుక్కోకుండా దిగకూడదని తమరే రాసుకున్నారు."

"అది మీలాంటివాళ్ళకయ్యా."

"ఎంతటివాళ్ళయినా అని కదండి రాశారు? మా వైపు పెళ్ళికొడుకైనా కాళ్ళు కడిగాకే గుమ్మంలోకి వస్తాడండి. కుళాయి అదిగో అక్కడ."

కాకి కొమ్మ మీద ముందుకి వంగాడు. కాకికి తెలిస్తే పొద్దెక్కేలోగా ఊళ్ళో ప్రతి పెరట్లోనూ తెలిసిపోతుంది. ఇంకా పదకొండు కొలనుల్లో తనిఖీలు మిగిలి ఉన్నాయి. కొంగ లోపలే పళ్ళు నూరుకుని, ఆయనకి పళ్ళు లేవనుకోండి, హుందాగా కుళాయి దగ్గరికి నడిచాడు.

ఆ కుళాయి ఏడాది పొడుగునా కారుతుంది. చుట్టూ చీలమండ లోతు బురద. కొంగ కుడికాలెత్తి ధార కింద పెట్టి శుభ్రంగా కడిగాడు. దాన్ని దించి ఎడమకాలెత్తాడు. ఎడమది తళతళలాడేసరికి కుడిది బురదలో ఉంది. మళ్ళీ కుడిది కడిగాడు.

"ఇప్పుడు ఎడమదండి," అన్నాడు కాకి పైనుంచి, సాయం చేస్తున్నట్టు.

ఇక్కడ గట్టు మీద ఒకటే హడావిడి. ఉడత కలువాకుల్ని నీళ్ళలోకి దొర్లించింది, చేపలు తీగలు నోట కరిచి లాగాయి, వెంకాయమ్మ పిల్లల్ని కిందకి తోసింది. పుల్లంరాజు గట్టు పక్క బురదలో పొర్లి నీళ్ళలో దూకాడు, పైకొచ్చి మళ్ళీ పొర్లి మళ్ళీ దూకాడు. ప్రెసిడెంటయ్యాక అతను చేసిన మొదటి పనికొచ్చే పని అదే. సుబ్బాయమ్మ వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

తొమ్మిదోసారి కుడికాలు కడిగాక కొంగకి ఓపిక నశించింది. పరువు పోతే పోయిందని బురద కాళ్ళతోనే వచ్చి కొలనులో దిగాడు. నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి. ఏమీ కనబడలేదు. అంతలో అడుగున సన్నగా, పొడుగ్గా ఏదో కదిలింది. ధవళేశ్వరరావు నాలుగు రోజుల ఆకలినంతా ముక్కులోకి తెచ్చుకుని ఒక్క పోటు పొడిచాడు.

అది ఆయన బొటనవేలు.

ఆ కేకకి గోరింకలు లేచిపోయాయి. సీతారత్నంగారు పోపు వదిలేసి చీపురుతో బయటికొచ్చారు. కొంగ ఒంటికాలి మీద గెంతుతూ గెంతుతూ గోడ దాటి ఎగిరిపోయాడు. ఫైలు మాత్రం నీళ్ళలో తేలుతూ మిగిలింది. దాని కిందకి ఏడుగురు చేపపిల్లలు దూరి, రెండు కన్నాల్లోంచి బయటికి చూస్తూ ఆడుకోవడం మొదలుపెట్టారు.

"అయితే మన కొలను ఓడిపోయినట్టేనాండి?" అని అడిగింది ఉడత.

"ఓడిపోయాం," అన్నాడు పుల్లంరాజు, ఒళ్ళంతా బురదతో. ఇంత హాయిగా అతను ఏ మాటా అని ఉండడు. వెంకాయమ్మ ఎదుటికెళ్ళి తప్పయిందమ్మా, క్షమించు అన్నాడు. తర్వాత సుబ్బాయమ్మ దగ్గరికెళ్ళి, మామ్మగారూ, మీరెక్కడికీ వెళ్ళొద్దు, వెనక్కి వచ్చెయ్యండి అని బతిమాలాడు.

"వస్తూనే ఉన్నాను కదా బాబూ," అందావిడ. ఆదివారానికి వచ్చేసింది.

అప్పటికి బురద అడుగుకి చేరి, నీళ్ళు మళ్ళీ లేత పచ్చరంగుకి తిరిగాయి. పుల్లంరాజు నల్లరాయెక్కి, నీళ్ళెలా ఉన్నాయమ్మా అని వెంకాయమ్మని అడిగాడు. ఆ ప్రశ్న అతను ఎవరినైనా అడగడం అదే మొదలు. బాగున్నాయండి, పిల్లలు పడుకున్నారు, కాస్త మెల్లగా మాట్లాడండి అంది ఆవిడ.

నీతి: కొలను బాగుందో లేదో అందులో బతికే చేపనడగాలి, తినడానికొచ్చిన కొంగని కాదు.