ముప్ఫై ఆరు పనుల పువ్వు

మందు సొరుగు లాగే ముందు వైద్యుడు తావో పది ప్రశ్నలు అడిగేవాడు. ఆకలి, నిద్ర, చెమట, దాహం, చలి, ఇలా పదీ అయ్యాకే నాడి పట్టేవాడు. ఐదేళ్లుగా ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న మిన్‌రూకి గురువులో నచ్చనిది ఈ ఒక్కటే. ఒక్కో మనిషికీ ఒక అగరువత్తి కాలిపోయేంత సేపు పడుతోందని ఆమె లెక్కగట్టింది. రోజుకు పంతొమ్మిది మందికి మించి చూడలేకపోతున్నారు. అరుగు మీద కూర్చుని కూర్చుని, విసుగొచ్చి లేచిపోయేవాళ్లు మరో ఆరేడుగురు.

ఒకరోజు అడిగేసింది. "గురువుగారూ, వచ్చిన మనిషి మోకాలు పట్టుకుని మూలుగుతుంటే దాహం సంగతి మనకెందుకండీ? ఏ మందు దేనికి పనిచేస్తుందో తెలిశాక ఇన్ని ప్రశ్నలు కావాలా?"

మర్నాడు తావో మూలికల కోసం కొండల్లోకి బయల్దేరుతూ, దుకాణం తాళాలు ఆమె చేతిలో పెట్టి, మూడు రోజుల్లో వస్తానన్నాడు.

ఆ మూడు రోజులకూ మిన్‌రూ కుసుమ పువ్వును ఎంచుకుంది. మన వైపు కుసుమలంటే ముందు నూనె గింజలే గుర్తొస్తాయి. చైనా వైద్యులకు గుర్తొచ్చేది పువ్వు. మంచుకు ముళ్లు మెత్తబడి ఉండే వేకువనే కోసి, నీడలో ఆరబెట్టి, ఎర్రటి రేకలను దాచుకుంటారు. నిలిచిపోయిన రక్తాన్ని కదిలించడం దాని గుణం. దెబ్బ తగిలి కమిలిన చోటికీ, బెణికిన చీలమండకీ, పట్టేసిన కీళ్లకీ, నెలసరి నొప్పికీ అదే. చల్లబడిన పాదాలను ఆ పువ్వు వేసిన వేడినీళ్లలో పెట్టినా హాయే. మిన్‌రూ గ్రంథాలన్నీ తిరగేసి ముప్ఫై ఆరు ఉపయోగాలు తేల్చింది. వాటికి వరసగా నంబర్లు వేసి, చెక్క పలక మీద రాసి, గుమ్మానికి వేలాడదీసింది.

ఊరికి అది తెగ నచ్చేసింది. వెదురు గుజ్జుతో కాగితం చేసే ఊరది. పొద్దస్తమానం నీటి తొట్ల దగ్గర నిలబడే ఆ జనానికి నొప్పులకు కరువు లేదు. "నాకు తొమ్మిది" అనేవాళ్లు. "మా ఆయనకి ఇరవై రెండు. కాస్త ఎక్కువే కట్టమ్మా, మనిషి లావు" అనేవాళ్లు. ఒక తాతైతే, "నాకు తొమ్మిదీ ఉంది, పదకొండూ ఉంది. రెండూ కలిపి ఇరవై ఇచ్చేయరాదూ?" అన్నాడు.

"ఇరవై ఆడవాళ్లది తాతా!" అంది మిన్‌రూ. అరుగంతా గొల్లుమంది.

మూడో రోజు పొద్దున్నే గావో అవ్వ వచ్చింది. "నాలుగు ఇవ్వమ్మా, నా కోడలికి. రెండు నెలలుగా నెలసరి లేదు. చలి నీళ్లలో నిలబడీ నిలబడీ కడుపులో చల్లదనం చేరింది. పెళ్లయి నాలుగు నెలలైనా కాలేదు, పిల్ల వాడిపోతోంది." నాలుగంటే ఆగిపోయిన నెలసరి. ఆవిడ మాట పూర్తయ్యేసరికే మిన్‌రూ పొట్లం కట్టేసింది.

మధ్యాహ్నానికి గురువు తిరిగొచ్చాడు. ఆయన కాళ్లు కడుక్కుంటుండగానే మిన్‌రూ అందుకుంది. "నూట ఇరవై ముగ్గురండీ! మీ పద్ధతిలో యాభై ఏడుగురు అయ్యేవారు. పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు."

తావో పలకను పైనుంచి కిందిదాకా చదివాడు.

"నాలుగు ఎవరు అడిగారమ్మా?"

"ఒక్కరేనండీ. గావో అవ్వ, పొద్దున్న. కోడలి కోసం."

"కోడల్ని చూశావా?"

"లేదండీ, పనిలో ఉందట."

"నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు."

"పెళ్లయి?"

"నాలు..." అని ఆగిపోయింది మిన్‌రూ. పెద్ద పెద్ద లెక్కలు నోటితో చెప్పే పిల్లకి ఆ చిన్న లెక్క అప్పుడు తట్టింది. నిలిచిన రక్తాన్ని కదిలించే పువ్వు, కడుపులో నిలిచిన నలుసునూ కదిలిస్తుంది. గర్భిణికి ఇవ్వకూడదన్నది ఆమె మొదటి ఏడాదే నేర్చుకున్న పాఠం. పలక మీద మాత్రం అది లేదు. ఉపయోగం కాదు కదా!

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. వెనకాల గురువు వడివడిగా నడిచాడు.

కషాయం తాగాక మిగిలిన పిప్పిని ఇంటి ముందు దారిలో పారబోయడం ఆ ఊరి ఆచారం. పదిమంది తొక్కితే జబ్బు వాళ్ల కాళ్ల వెంట పోతుందని నమ్మకం. గావో అవ్వ ఇంటి ముందు దారి నడిమధ్యన ఎర్రగా కనబడేసరికి మిన్‌రూ పరుగు ఆపేసింది. "తాగేసింది గురువుగారూ" అంటూ అక్కడే కూలబడింది.

తావో వంగి చిటికెడు రేకలు తీసి వేళ్ల మధ్య నలిపాడు. గలగలమన్నాయి. ఉడికిన పువ్వు అలా గలగలమనదు. దానికి అంత రంగూ మిగలదు.

అవ్వ గుమ్మంలోకి వచ్చింది. "ఇద్దరూ కలిసి దార్లో చెత్త ఏరుకుంటున్నారేమిటయ్యా? నా కోడలు చుక్క మిగల్చకుండా తాగింది. పిప్పి పారబోస్తుంటే నేనే చూశాను." అవ్వ కళ్లకి దూరాన ఎరుపు కనబడుతుంది గాని, తడీ పొడీ తెలియదు. ఆవిడ వెనక నిలబడిన కోడలు సుయిన్ తల ఎత్తలేదు.

తావో అరుగు మీద కూర్చుని సుయిన్‌ను ఎదురుగా కూర్చోమన్నాడు. తీరిగ్గా తన పది ప్రశ్నలూ మొదలుపెట్టాడు. ఏ వాసన గిట్టడం లేదని అడిగిన దగ్గర ఆ పిల్ల నోరు విప్పింది.

"గుజ్జులో కలిపే సున్నం వాసనండీ." తర్వాత అత్తకు వినపడకుండా గొణిగింది. "ఆ పువ్వు వద్దని మా అమ్మ చెప్పింది. ఎందుకు వద్దో చెప్పడానికి లేదు. మూడో నెల నిండడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి."

మూడు నెలలు నిండేదాకా ఆ మాట పైకి అంటే దిష్టి తగులుతుందని అక్కడివాళ్ల భయం.

అవ్వకి ఓపిక పట్టలేదు. "జబ్బు పేరేమిటో చెప్పవయ్యా!"

"ఇంకో తొమ్మిది రోజులు పేరు చెప్పకూడదట అవ్వా."

అవ్వ కోడలి వైపు చూసింది, దారిలో ఉన్న ఎర్ర రేకల వైపు చూసింది. గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారింది. "నా చేత్తోనే తెచ్చానే పొట్లం" అని మాత్రం అనగలిగింది. సుయిన్ వెళ్లి పక్కన కూర్చుని, "నేను తాగలేదత్తా" అంది.

దుకాణానికి రాగానే మిన్‌రూ పలక దించేసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అడిగింది. "ఇందులో ముప్ఫై ఆరూ తప్పేనా గురువుగారూ?"

"ఒక్కటి కూడా తప్పు లేదు" అన్నాడు తావో. గుప్పిట విప్పి, మట్టి అంటిన ఎర్ర రేకలను ఆమె అరచేతిలో వేశాడు. "ఇవాళ ఇది కషాయంలో పడకుండా దార్లో పడి చేసిన పని ఉందే, అది ఎన్నో నంబరమ్మా?"