తాళంచెవికి మడి కట్టిన కథ

ఏది ముందు జరిగిందో, ఏది తరవాతో కాస్త తారుమారు చేస్తానేమో. అయినా కథ ఎక్కడికీ పోదు కాబట్టి మొదలుపెడుతున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి రమణి రాసిపెడుతోంది.

ఒకానొక కొండరాజ్యాన్ని కేతభూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కానీ తన భక్తి అంటే తనకే మహా మురిపెం. నామం ఎంత పొడుగ్గా దిద్దుకునేవాడంటే, అది కనబడాలని కిరీటాన్ని కాస్త వెనక్కి జరిపి పెట్టుకునేవాడు.

ఒకనాడు నిండు కొలువులో ఆయన చూపు దుర్గాధికారి బాచన మీద పడింది. కోట తలుపు తీయడం, మూయడం బాచన పని. ఆ కోటలో తరతరాలుగా ఒక కట్టుబాటు ఉంది. పెద్ద తలుపు తాళంచెవి దుర్గాధికారి మొలలోనే ఉండాలి, మరొకరి చేతికి పోకూడదు. బాచన మొలలో తాళంచెవి ఉంది గానీ, నుదుట నామమూ లేదు, విభూతీ లేదు.

“బాచనా, నువ్వు కొలిచే దేవుడెవరయ్యా?”

“అది మా ఇంటి సంగతి ప్రభూ. తలుపు సంగతి అడగండి, చెబుతాను.”

రాజు ముఖం జేవురించింది. “దేవుడి పేరు చెప్పడానికి నోరు రానివాడికి నా కోట ఎలా అప్పగించను? తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళు. ఇకమీదట నా కొలువులో ఉద్యోగాలు పరమభక్తులకే!”

రాజుగారికి హాస్యాలాడి పొద్దుపుచ్చే చిట్టెన అదంతా చూస్తున్నాడు. బాచన అతని నేస్తం. ఉద్యోగం పోతే కోటలో ఇల్లూ పోతుంది. పిల్లాపాపలతో ఎక్కడికి పోతాడు? ఎదురు చెబితే రాజు ఇంకా బిగుసుకుంటాడు. చిట్టెన లేచి నిలబడ్డాడు.

“భేషుగ్గా సెలవిచ్చారు ప్రభూ! ఆ పరమభక్తుణ్ణి వెతికే పని నాకు ఇప్పించండి.”

బాచన అతనివంక ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆ చూపు చిట్టెనకు ముల్లులా గుచ్చుకుంది.

“వెతుకు,” అన్నాడు రాజు. “వాడి భక్తిలో వీసమెత్తు లోపం కనబడినా నీ ఉద్యోగమూ ఊడుతుంది.”

“చిత్తం. ఒక్క మనవి. భక్తుడు పూజలో ఉండగా ఎవరూ లేపకూడదని శాసనం వేయించండి. రాజుగారైనా సరే.”

“రాజైనా సరే!” రాజు పొంగిపోయాడు.

చిట్టెన పరాంకుశయ్య అనే ఆయన్ని తెచ్చి నిలబెట్టాడు. ఆయన నిజమైన భక్తుడు, వేషం కాదు. పూజలో కూర్చుంటే ఇల్లు తగలబడుతున్నా కళ్ళు తెరవడు. రాజు స్వయంగా తాళంచెవి ఆయన మొలలో దోపాడు.

మబ్బు పట్టిన ఒకరోజు చిట్టెన రాజును కొండ కింది చెరకుతోటలు చూద్దాం రమ్మన్నాడు. తిరిగి కోట చేరేసరికి పొద్దు వాలింది, వాన కుండపోతగా అందుకుంది. చూస్తే తలుపు మూసి ఉంది. బయటంతా బోడిగుట్ట, తల దాచుకోవడానికి చెట్టయినా లేదు.

“ఎవర్రా అక్కడ? తలుపు తియ్యండి!”

బురుజు మీంచి భటుడు తొంగిచూశాడు. “మహాప్రభో, అయ్యగారు సాయంపూజలో ఉన్నారండి. లేపకూడదని తమరి శాసనమే కదండి.”

“తాళంచెవి తీసుకుని నువ్వే తియ్యరా!”

“అది ఆయన మొలలో ఉందండి. ఆయనేమో మడిలో ఉన్నారు. ముట్టుకుంటే మైలపడి, మళ్ళీ స్నానం చేసి పూజ మొదటినుంచీ చేస్తారండి. ఇంకా ఆలస్యమవుతుంది.”

రాజు పళ్ళు టకటకలాడాయి. నామం కరిగి కళ్ళలోకి కారి మండుతోంది. లోపల గంట గణగణ మోగుతూనే ఉంది. చిట్టెన కూడా వణుకుతూనే, ఈ భక్తుడు సహస్రనామం మొదలుపెట్టకుండా ఉంటే బాగుండునని లోలోపల మొక్కుకున్నాడు.

“ఒరే, పూజ తరవాతైనా చేసుకోవచ్చు, ముందు తలుపు తియ్యమని చెప్పు!” అని అరిచాడు రాజు.

చిట్టెన చేతులు జోడించాడు. “ప్రభూ, బాచన ఇన్నాళ్ళూ చేసింది అదే. ముందు తలుపు తీసి, తరవాత ఇంటికి వెళ్ళి దేవుడికి దండం పెట్టుకునేవాడు.”

రాజు కళ్ళలోకి కారిన నామం తుడుచుకున్నాడు. “అయితే భక్తి ఉన్నవాడు ఉద్యోగానికి పనికిరాడంటావా?” అన్నాడు.

“ఎంతమాట! భక్తి ఉండొచ్చు, లేకపోవచ్చు, అది వాళ్ళ ఇష్టం. పరాంకుశయ్య భక్తిలో లోపమేమీ లేదు. మనమే దేవుడి మనిషిని తెచ్చి తలుపు దగ్గర పెట్టాం.”

అప్పుడు తలుపు కిర్రుమంది. పరాంకుశయ్య వెలిగే ముఖంతో ఎదురొచ్చి, చలికి కొయ్యబారిన రాజు చేతిలో ఇంత చల్లటి దద్ధ్యోజనం పెట్టాడు.

“ముందు ప్రసాదం స్వీకరించండి ప్రభూ!”

రాజు ఆ పెరుగన్నం వంక చూశాడు, చిట్టెన వంక చూశాడు. ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. వానలో నిలబడే నవ్వాడు.

మర్నాడు పరాంకుశయ్యను కోవెలకు పెద్దను చేశాడు. తాళంచెవి బరువు తప్పినందుకు ఆయనే ఎక్కువ సంతోషించాడు. రాజు చిట్టెన మెడలో ముత్యాల దండ వేసి, బాచనను పిలిపించి తాళంచెవి తిరిగి ఇచ్చాడు.

“ఇప్పుడైనా చెప్పవయ్యా, నీ దేవుడెవరు?”

“ఒకపూట మా ఇంటికి భోజనానికి దయచేయండి ప్రభూ. దేవుడి గూడు చూపిస్తాను. కొలువులో మాత్రం అడగకండి.”

రాజు మళ్ళీ నవ్వి, ఏ రోజు రమ్మంటావని అడిగాడు.

అమ్మాయీ రమణీ, పేర్లు ఒకసారి చూసిపెట్టు. బాచనేనా, మాచనా?