మాడిన దూది

మౌలాలికి నోట్లో చేదు పోవడం లేదు. పొద్దున సద్ది తాగినా చేదే, మాపటికి రొట్టె తిన్నా చేదే. పడుకుంటే నిద్ర రాదు. ఎవరన్నా పలకరిస్తే చాలు, మీద పడి కరిచినట్టు మాట్లాడుతున్నాడు. రొమ్ములో ఎవరో నిప్పు పెట్టి మూత వేసినట్టుంది.

అది ఎందుకు వచ్చిందో అతనికి తెలుసు. చెప్పుకునే మొహం లేదు.

హుసేనప్ప తాత కొట్టం ఆదోని అవతల, ఒక బోడిగుట్ట కింద ఉంది. తాత ఒకప్పుడు దూదేకే మనిషి. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినాడు. ఇప్పుడు వయసైపోయింది. జనం ఆయన దగ్గరికి వచ్చేది పరుపుల కోసం కాదు, జికర్ కోసం. ఊపిరి తీసేటప్పుడు ఒక మాట, విడిచేటప్పుడు ఒక మాట. రెండూ దేవుని పేర్లే. వాటిని తాత చెవిలో చెబుతాడు. ఆయన చెప్పేదాకా ఎవరూ తమంతట తాము మొదలుపెట్టకూడదు. అది ఆ కొట్టం కట్టుబాటు. అంతదాకా నీళ్ళు మోయాలి, వాకిలి ఊడ్చాలి, తాత పక్కన ఊరికే కూర్చోవాలి.

మౌలాలి దుబాయి నుంచి వచ్చి ఇక్కడ చేరినాడు. దూదేకి బతికిన వాళ్ళ నాయన చచ్చిపోయినప్పుడు సెలవు దొరకలేదు. మట్టి వేసేది కూడా ఫోనులోనే చూసినాడు. చూస్తే ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. లోపల ఏదో ఎండిపోయిందని భయం పుట్టి, ఉన్న పని వదిలేసి తాత కాళ్ళ దగ్గరికి వచ్చినాడు.

కానీ ఊరికే కూర్చోవడం అతని వల్ల కాలేదు. అతని వెనక వచ్చిన లారీ క్లీనరు కాసీముకు తాత జికర్ ఇచ్చినాడు. మౌలాలికి ఇవ్వలేదు. ఒకనాడు మౌలాలి తడికెకు చెవి ఆనించి కాసీము ఊపిరి విన్నాడు. ఆ మాటలు పట్టేసినాడు. గుట్ట వెనక్కి పోయి, రొమ్ము అదిరేలా, గొంతు పగిలేలా, కాసీముకంటే తానే ఎక్కువ అనాలని అన్నాడు. రోజూ అన్నాడు.

చేదు మొదలైంది అప్పుడే.

ఇప్పుడు దుబాయి సేటు నుంచి ఫోను వచ్చింది. వీసా తయారుగా ఉంది, మాపటి లోపల వస్తావో రావో చెప్పమన్నాడు. మౌలాలి సంచి సర్దుకుని తాత ముందుకు పోయినాడు.

తాత వాకిట్లో కూర్చుని పత్తిలో గింజలు తీస్తున్నాడు.

"తాతా, నేను పోతాండా."

"యాడికి నాయనా?"

"దుబాయికి. మీరు జికర్ ఇస్తే ఉంటా. ఇయ్యకపోతే పోతా. నా ఎనక వచ్చినోనికి ఇస్తిరి. నాకేం తక్కువ?"

"నీకేం తక్కువ," అన్నాడు తాత, నిజమే అన్నట్టు.

జగడానికని వచ్చిన మౌలాలి సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"గుట్ట ఎనక ఏందో పొగ తాగుతాంటివంట," అన్నాడు తాత. "తెల్లగా మేఘం మాదిరి వస్తాదంట. కాసీము చెప్పినాడు. ఏదీ, చూపించు."

మౌలాలికి తల కొట్టేసినట్టయింది. తిట్లు పడతాయనుకుంటూ సంచిలోంచి కరెంటు సిగరెట్టు తీసి తాత ముందు పెట్టినాడు. దుబాయిలో అతని పని అదే. ఆ సిగరెట్లలో తీగలూ దూదీ మార్చే అంగడి. వస్తూ వస్తూ ఒకటి వెంట తెచ్చుకున్నాడు.

తాత తిట్టలేదు. దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నిప్పు యాడుంది దీంట్లో?"

"నిప్పు లేదు తాతా. బ్యాటరీ ఉంది. మీట నొక్కితే లోపల తీగ కాలుతాది. ఈ గాజు ట్యాంకులో వాసన మందు పోస్తాం, జూసంటారు దాన్ని. అది ఆవిరై పైకొస్తాది."

"తాగు, చూస్తా."

"ఇప్పుడు తాగలేం. మాడు కంపు కొడతాది."

"అయితే విప్పు."

మౌలాలి ట్యాంకు మర తిప్పి ఊడదీసినాడు. అడుగున గోరంత జాగాలో సన్నటి తీగ స్ప్రింగు మాదిరి చుట్టుకుని ఉంది. దాని కడుపులోంచి దూర్చినది నల్లగా బొగ్గయిపోయి ఉంది.

తాత కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది దూది కదప్పా."

"దూదే."

"సముద్రం దాటిపోయి కూడా దూది పనే చేస్తివా." తాత నవ్వినాడు. "మీ నాయన వినుంటే మురిసిపోయేటోడు."

మౌలాలి తల వంచుకున్నాడు.

"ఏంటికి మాడింది?"

"నేనే తొందరపడితి. జూసు పోసిన ఎంటనే నొక్కితి."

"ఇంకింత జూసు పోస్తే బాగుపడదా?"

"పడదు తాతా. ఒకతూరి మాడినాక ఎంత పోసినా అదే కంపు. పీకి పారేయాల్సిందే."

"తీగ కూడా?"

"తీగకేం కాలేదు. చూడండి."

మౌలాలి చిన్న పట్టకారుతో నల్లబడిన దూది లాగేసినాడు. మీట నొక్కినాడు. తీగ నడుమ ఎర్రటి చుక్క పుట్టింది. అది మెల్లగా రెండు పక్కలకూ పాకింది. అంచున ఒక చుట్టు మాత్రం నల్లగానే ఉండిపోయింది. అతను మీట వదిలి, పట్టకారు కొసతో ఆ చుట్టును వెంట్రుకంత జరిపినాడు. మళ్ళీ నొక్కితే తీగ అంచు దాకా ఎర్రగా వెలిగింది. పట్టిన మసి బూడిదై రాలింది. చల్లారినాక నీళ్ళతో కడిగితే అంగట్లోంచి తెచ్చిన కొత్త తీగలా తళతళలాడింది.

తాత ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "అల్లా," అన్నాడు చిన్నగా. అంతే.

సంచి అడుగున తెల్లటి దూది ఒకే ఒక్క పింజ మిగిలింది. మౌలాలి దాన్ని గబగబా నలిపి, తీగలోకి దూర్చబోయినాడు. దూరలేదు. ఇంకా గట్టిగా తోసినాడు. తీగ పక్కకు వాలింది.

"ఉండు," అన్నాడు తాత.

ఆ దూదిని తన చేతిలోకి తీసుకున్నాడు. కణుపులు ఉబ్బిన ముసలి వేళ్ళు. ఆ వేళ్ళ మధ్య దూది విడివడింది, సాగింది, పలచబడింది. ఒక్క పోగు తెగలేదు. కొస మెలిపెట్టి మౌలాలికి ఇచ్చినాడు.

మౌలాలి తీగను సర్దుకుని ఆ కొసను దూర్చి లాగినాడు. దూది తీగ కడుపులోంచి అట్లా జారిపోయింది. తీగ కదలలేదు. తీగకూ దూదికీ మధ్య సందూ లేదు. అంగట్లో అతను ఎన్నింటికి దూది ఎక్కించినాడో లెక్క లేదు, ఇట్లా కూర్చున్నది ఒక్కటి లేదు. అతను తాత వేళ్ళకేసి చూసినాడు. తాత ఆ వేళ్ళను పంచెకు తుడుచుకుంటున్నాడు.

"సరిపాయనా?"

"సరిపాయ తాతా. బిగువైతే జూసు ఎక్కదు. వదులైతే కిందికి కారిపోతాది."

దూది కొసలు కత్తిరించి, ట్యాంకు బిగించి, జూసు పోసి మూత తిప్పినాడు.

"ఊ, నొక్కు," అన్నాడు తాత.

"ఇప్పుడే వద్దు తాతా."

"ఏంటికి? జూసు నిండుగా ఉంది కదా."

"ట్యాంకులో నిండింది. దూది నడిమికి ఇంకా పోలేదు. పైన తడిసినట్టు కనపడతాది, నడిమిన పొడిగానే ఉంటాది. ఇప్పుడు నొక్కితే మళ్ళీ మాడిపోతాది."

"అయితే లోపలికి తొయ్యి."

"తోసేది కాదు తాతా. దానంతట అదే పోతాది."

"ఎవరూ తొయ్యకుండానే?"

"ఎవరూ తొయ్యరు. మనం ఊరికే ఉండాల."

అన్నాక మౌలాలి తన మాట తానే విన్నాడు.

తాత అతన్ని చూడటం లేదు. మోకాళ్ళ మీద వంగి, గాజు ట్యాంకుకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టినాడు. గాజు అడుగునుంచి ఆవగింజంత బుడగ ఒకటి ఊడి, జూసులోంచి మెల్లగా పైకి లేచింది. పైకి వచ్చి పగిలింది.

"అదేంది?"

"దూది... దూది జూసు తాగింది తాతా. తాగిన మేర గాలి పైకొచ్చింది."

"ఎవరూ తొయ్యకుండానే," అన్నాడు తాత మళ్ళీ. "పుట్టినకాడి నుంచి దూదితోనే బతికితిని. అది తాగేటప్పుడు నేనెప్పుడూ చూడకపోతిని."

గుట్ట మీంచి గాలి దిగింది. వాకిట్లో పత్తి పింజలు కొంచెం లేచి మళ్ళీ కూర్చున్నాయి. ఇంకో బుడగ లేచింది. దుబాయి అంగట్లో ఇవి మౌలాలి ముందర రోజంతా లేస్తూనే ఉండేవి. అతను గిరాకీ మొహం చూసినాడు, గడియారం చూసినాడు. బుడగను చూడలేదు. ఇప్పుడు చూసినాడు. అంత చిన్న గాజులో, ఎవరి చెయ్యీ పడకుండా, ఎవరి మాటా వినకుండా, ఆ పని జరిగిపోతూ ఉంది.

"తాతా," అన్నాడు మౌలాలి. "నేను ఆ పొద్దు తడికె కాడ..."

"తెలుసులే. గుట్ట అవతల మేకలు మేపేటోళ్ళు వచ్చి అడిగిరి, మీ కొట్టంలో ఎవరికన్నా పానం బాగలేదా, ఒకటే మూలుగుతాండాడని."

మౌలాలికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉంటే కండ్లు తడిసినాయి. తుడుచుకోబోయి మానుకున్నాడు. వాళ్ళ నాయన మన్నయిన పొద్దు రానివి అవి. గడ్డం మీదికి కారుతుంటే కారనిచ్చినాడు.

తాత ఓదార్చలేదు. ఒళ్ళోని పత్తి పక్కకు పెట్టి, మౌలాలి కూర్చునేందుకు చాప ఇంకొంచెం ఇటు లాగినాడు.

మౌలాలి జరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు నేనేం చదవాల తాతా?"

"ఏం చదవాకు."

"ఎన్నాళ్ళు?"

"దూదినడుగు."

సంచిలో ఫోను మోగింది. మోగి మోగి దానంతట అదే ఆగిపోయింది. ట్యాంకులో ఇంకో బుడగ కదిలింది. ఇద్దరూ తలలు వంచి, అది పైకొచ్చేదాకా చూస్తూ కూర్చున్నారు.