వాగు మలుపులో గూళ్ల కొట్టం

ఊటవాగు కొండ దిగి పొలాల్లోకి మళ్లే చోట కొన్ని తుమ్మచెట్లు నీళ్ల మీదికి వంగి ఉండేవి. ఆ కొమ్మల చివర్లలోనే గిజిగాళ్ల ఊరు. వానాకాలం వచ్చిందంటే ఎటు చూసినా గూళ్లే వేలాడేవి. పాము అంత సన్నని కొమ్మ మీదికి పాకలేదు, అడవిపిల్లికి నీళ్లంటే భయం. గాలి ఎంత తోసినా గూడు ఊగేదే తప్ప ఊడేది కాదు.

ఆ ఊరికి పెద్ద ఈరన్న. తలమీది పసుపు వెలిసిపోయింది గానీ ముక్కులో వాడి తగ్గలేదు. ఊగుతున్న కొమ్మకు పచ్చి ఈతాకు చీలిక చుట్టి మొదటి ముడి బిగించడమంటే మాటలు కాదు. కొమ్మ ఒక పక్కకు పోతుంది, ఆకు ఇంకో పక్కకు జారుతుంది, రెక్కలు కొట్టుకుంటూనే ముడి పడాలి. ఈరన్న వేస్తే ఒక్క చుట్టులో పడేది. గూడంతా ఆ ముడి మీదే నిలబడాలి కాబట్టి, కొత్తగా గూడు కట్టే ప్రతి పిల్లగాడూ ముందు ఆయన దగ్గరికే వచ్చేవాడు.

ఇంత ఉన్నా ఈరన్నకు ఒక దిగులు. గూళ్ల కాలం దాటితే ఆ మెట్టచేలల్లో గింజ దొరికేది కాదు. వయసు పిట్టలన్నీ కూడబలుక్కుని ఎక్కడో కాలవల కింద వరిచేలకు పోయేవి. పోయినవాళ్లంతా తిరిగొచ్చేవాళ్లు కాదు. ఈరన్న పెద్దకొడుకు సాంబడు అలాగే పోయి, ఏదో చేలో పిట్టల వలకు చిక్కాడు. కబురు తెచ్చినవాళ్లకు ఏ ఊరో, ఏ చేనో కూడా సరిగా తెలియదు. అప్పటినుంచి రెండోవాడు ఓబులు కాస్త దూరం ఎగిరితే చాలు, ఈరన్న మెడ చాచి అటే చూస్తుండేవాడు.

కొండచరియలో ఉండే నక్క పింగళయ్య ఈ దిగులు కనిపెట్టాడు. ఒక పొద్దున మెల్లగా గట్టు మీదికొచ్చి, తోక సర్దుకుని కూర్చున్నాడు.

"ఈరన్న మామా, బాగున్నావా? సాంబడి సంగతి విన్నాను. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు."

"ఏం చేస్తాం పింగళయ్యా. ఇక్కడ గింజ ఉంటే వాడు ఎందుకు పోతాడు?"

"అదే మామా నా బాధ కూడా. ఇంత విద్య పెట్టుకుని మన పిల్లలు పరాయి చేలల్లో చావాలా? మన వాగు పిల్లలకు మన వాగు దగ్గరే పని దొరకాలి. నా మాట వింటే దొరుకుతుంది."

"ఎట్లా?"

"మీ గూడంటే చుట్టుపక్కల అందరికీ మోజే. ఉడతలకు కావాలి, గోరింకలకు కావాలి. కట్టుకోవడం వాళ్లకు చేతకాదు. మనం కట్టిద్దాం. వాళ్లు గింజలు, పళ్లు మోసుకొస్తారు, అందులో నాకూ ఒక పాలు. గట్టు మీద ఒక కొట్టం వేస్తాను. నీడపట్టున పని, సాయంత్రానికి కడుపునిండా గింజ. ఏడాది పొడుగునా! ఇక ఏ పిల్లగాడూ వాగు దాటక్కర్లేదు."

ఆ చివరి మాట ఈరన్న గుండెలో దిగిపోయింది. ఇంకేమీ అడగాలనిపించలేదు.

మధ్యాహ్నం ఎద్దు బసవడు నీళ్లు తాగడానికొచ్చాడు. కాడి మోసి మోసి మెడ కాయకట్టినవాడు, తొందరపడి మాట్లాడడు. ఈరన్న చెప్పిందంతా విని, రెండు గుక్కలు తాగి అన్నాడు.

"మంచిదే. అయితే ఈరన్నా, రేపు పింగళయ్య వద్దనుకుంటే ఏమవుతుంది?"

"ఎందుకు వద్దనుకుంటాడు? బాగుపడేది వాడూ కదా."

"వాడు బాగుపడినంత కాలం సరే."

"నీకేం బసవా, నీ కొడుకు నీ కొట్టంలోనే కట్టేసి ఉన్నాడు," అన్నాడు ఈరన్న, కాస్త కటువుగానే. బసవడు తలొంచుకుని వెళ్లిపోయాడు.

కొట్టం లేచింది. పింగళయ్య చెప్పినట్టే గింజలు వచ్చాయి. ఆ ఎండాకాలం ఒక్క పిట్ట కూడా వరిచేలకు పోలేదు. తల్లులు ఈరన్న కనిపిస్తే చాలు, "నీ చలవ పెద్దాయనా" అనేవాళ్లు. ఓబులు రోజూ కళ్లముందే పనికి పోయి కళ్లముందే వచ్చేవాడు. ఈరన్నకు చాలాకాలం తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. ఆ సుఖం అబద్ధం కాదు. అది మాత్రం చెప్పుకోవాలి.

పని జరిగే తీరు మాత్రం వేరు. ఒకడే కూర్చుని గూడంతా కడితే ఎప్పటికి తెమిలేది అన్నాడు పింగళయ్య. ఒకడు ఆకు చీలుస్తాడు, ఒకడు మెడ అల్లుతాడు, ఇంకొకడు పొట్ట, మరొకడు లోపలికి దూరే గొట్టం. కొమ్మ చివర వేలాడే పని లేదు. నేలమీద పాతిన పుల్లలకు తీగ చుట్టలు తగిలించి ఉండేవి, వాటి మీద అల్లి తీసెయ్యడమే. ఓబులుకు గొట్టం పని పడింది. వాడు అల్లిన గొట్టం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

"మరి మొదటి ముడి?" అని అడిగాడు ఈరన్న.

"తీగ చుట్ట ఉండగా ముడి దేనికి మామా? కొన్నవాళ్లు చెట్టు తొర్రలో పెట్టుకుంటారు, చూరులో దోపుకుంటారు. నువ్వు పెద్దమేస్త్రివి. గడ్డి ముట్టుకోవద్దు. కూర్చుని చూడు, చాలు."

ఈరన్న కూర్చుని చూశాడు. మొదట్లో ముక్కు ఊరికే ఉండక, ఏదో ఒక చీలిక అందుకోబోయేది. పింగళయ్య నవ్వి, "పెద్దరికం మామా, పెద్దరికం" అనేవాడు. తర్వాత అలవాటైపోయింది.

వానాకాలంలో సొంత గూళ్లు కట్టుకోవడం కూడా తగ్గింది. "మిగిలిన గూడు ఒకటి పట్టుకుపోండి, పని చెడగొట్టుకోకండి," అనేవాడు పింగళయ్య. ఆ గూళ్లు కొమ్మల మొదట్లో చీలికల మధ్య ఇరికించుకునేవాళ్లు. అలా రెండేళ్లు, వానలు అంతంతమాత్రమే కాబట్టి గడిచిపోయింది. గట్టు పొడుగునా ఈతచెట్లు మాత్రం బోసిపోతూ వచ్చాయి. ఆకు పడ్డది పడ్డట్టు కొట్టంలోకి పోయేది.

ఒకరోజు పింగళయ్య ఈరన్న పక్కన చేరాడు.

"మామా, నీ పేరు కొండ దాటి ఆవలిగట్టుదాకా పోయింది. అక్కడి పిచ్చుకలు పాపం పని లేక అల్లాడుతున్నాయి. వాళ్లకూ ఒక కొట్టం వేద్దామనుకుంటున్నా. నేర్పేవాడు కావాలి. నువ్వు తప్ప ఎవరున్నారు?"

"పిచ్చుకలకు అల్లిక వస్తుందా పింగళయ్యా?"

"గూడంతా రానక్కర్లేదుగా. తలా ఒక ముక్క. నువ్వు చూపిస్తే రాయికి కూడా వస్తుంది. వాళ్లూ మనలాంటి బీదపిట్టలే కదా."

ఈరన్నకు పిచ్చుకల మీద జాలేసింది. తన పేరు ఆవలిగట్టున చెప్పుకుంటున్నారంటే లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. వెళ్లాడు. ఓపిగ్గా దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పిచ్చుకకూ ఒక్కొక్క ముక్క నేర్పాడు. అవి ఆయన్ని గురువుగారూ అని పిలిచాయి. తిరిగొచ్చేటప్పుడు కొండదాకా సాగనంపాయి.

ఆ మరుసటి ఎండాకాలం చివర, మొదటి మబ్బులు కొండ మీద కనపడుతున్న రోజుల్లో, గిజిగాళ్లు పనికి పోయేసరికి కొట్టంలో పుల్లలు లేవు. తీగ చుట్టలు లేవు. పింగళయ్యా లేడు.

ఈరన్న ఆవలిగట్టుకు ఎగిరి వెళ్లాడు. అక్కడ కొత్త కొట్టం కళకళలాడుతోంది. దాని చుట్టూ ఈతచెట్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. పింగళయ్య బాగా ఒళ్లు చేశాడు. చూసి లేచి నిలబడ్డాడు, మర్యాదకు మాత్రం లోటు చెయ్యలేదు.

"రా మామా. నీకు చెప్పి వద్దామనే అనుకున్నా. మీ గట్టు మీద ఆకు అయిపోయింది. పైగా పిచ్చుకలు సగం గింజకే చేస్తామంటున్నాయి. నేనేం చెయ్యను?"

"మా పిల్లల సంగతేంటి పింగళయ్యా? నీ మాట నమ్మి వాళ్లు ఇంకేదీ నేర్చుకోలేదు."

"నేనేమన్నా కట్టేశానా మామా?"

ఈరన్న రెక్కలు ముడుచుకున్నాడు. తన జన్మలో ఎవర్నీ అడగని గొంతుతో అడిగాడు. "పోనీ, మా ఓబుల్నొక్కణ్ణి ఇక్కడ పెట్టుకో. గొట్టం అల్లడంలో వాడిని మించినవాడు లేడు."

పింగళయ్య పిచ్చుకల వైపు చూశాడు. వాటిలో పెద్దది ముందుకొచ్చింది. ఈరన్న చేతికింద నేర్చుకున్నదే. కళ్లెత్తకుండా అంది, "తప్పుగా అనుకోవద్దు గురువుగారూ. మా గట్టు పని మా గట్టు పిల్లలకే దక్కాలని మొదట్లోనే మాట తీసుకున్నాం. బయటివాళ్లను రానిస్తే మా పిల్లలు ఎక్కడికి పోతారు?"

ఆ పిచ్చుక అన్నదాంట్లో ఈరన్నకు తప్పేమీ కనిపించలేదు. వచ్చిన దారినే తిరిగొచ్చాడు.

మబ్బులు కిందికి దిగుతున్నాయి. ఈరన్న ఊరినంతా పోగుచేసి, "రండిరా, ముడి నేర్పుతాను," అన్నాడు. కొమ్మ చివరికి ఎగిరి, ఎండిపోయిన ఈతాకు చీలిక ఒకటి అందుకుని చుట్టబోయాడు. ఆకు పుటుక్కున తెగింది. ఇంకొకటి తెచ్చారు. కొమ్మ ఊగింది, చీలిక జారింది. ముక్కు గుర్తుపెట్టుకుంది గానీ రెక్కలు ఆ ఊపును మరిచిపోయాయి. పిల్లలు చూస్తుండగా మళ్లీ మళ్లీ జారింది. ఎవ్వరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది ఈరన్నకు.

ఓబులుకు మాత్రం ఆగే వీల్లేదు. చుక్కమ్మ అనే ఆడపిట్ట వాడితో మనసు కలిపింది. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. వాడు పగలంతా కష్టపడి ఈతాకు దొరక్క గడ్డే మెలిపెట్టి కొమ్మకు నాలుగు చుట్లు చుట్టి, దాని కింద గూడు అల్లాడు. గొట్టం అద్భుతంగా వచ్చింది. చుక్కమ్మ గూటికి వేలాడి, ముడి దగ్గర ముక్కుతో ఒకసారి లాగి చూసింది. కొంచెం కదిలింది.

"వదులుగా ఉందేమో ఓబులూ?"

"ఇంతకంటే నాకు రాదు చుక్కమ్మా."

ఆమె ఈరన్న వైపు చూసింది. ముసలాయన ముడిని తడిమి, ఇంకొక పోచ చుట్టబోయి, గడ్డి తెగిపోతే ఆగిపోయాడు. ఆమె లోపలికి వెళ్లింది. మంచి గూడు దొరికేదాకా ఆగే రోజులు ఆమెకు లేవు.

గుడ్లు పెట్టింది. పొదిగింది. లోపల చిన్నగా కదలిక వినపడుతోందని ఒక ఉదయం నవ్వుతూ చెప్పింది.

ఆ రోజే మిట్టమధ్యాహ్నం పడమర నుంచి గాలివాన లేచింది. తుమ్మకొమ్మలు నీళ్లను కొట్టి పైకి లేచాయి. ఓబులు గూటి మీద వాలి, రెండు కాళ్లతో ముడిని, ముక్కుతో కొమ్మను పట్టుకున్నాడు. ఈరన్న పక్కనుంచి పట్టుకున్నాడు. "బయటికి రా చుక్కమ్మా!" అని ఓబులు అరిచాడు. ఆమె రాలేదు. మూడో ఊపుకో నాలుగో ఊపుకో గడ్డి విడిపోయింది. గూడు గూడుగానే, ఒక్క అల్లిక చెదరకుండా, వాగులో పడింది. కొంతదూరం నీళ్ల మీద తేలింది. అప్పుడు బయటికొచ్చింది చుక్కమ్మ, తడిసి ముద్దై, ఒంటరిగా. గూడు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఊళ్లో ఇంకా చాలా గూళ్లు ఆ గాలికే పోయాయి.

వాన వెలిశాక బసవడు గట్టు మీదికొచ్చాడు. తాను అప్పుడు అడిగిన మాట ఎత్తలేదు. ఈరన్న కూర్చున్న కొమ్మ కింద, వానకు ఒరిగిన గడ్డి మీద ఊరికే నిలబడ్డాడు.

"బసవా, నేనేం తప్పు కోరాను?" అన్నాడు ఈరన్న. "పిల్లలు కళ్లముందు బతకాలనేగా."

"కోరింది తప్పు కాదు ఈరన్నా."

"మరి?"

బసవడు నెమరు వెయ్యడం మానేసి, గట్టు మీద ఖాళీగా ఉన్న కొట్టం వైపు తల తిప్పాడు.

చుక్కమ్మ ఈరన్న దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమె తిడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. "మామా, మీ కాలంలో ఇంత గాలి వచ్చేదా?" అని అడిగింది.

"వచ్చేదమ్మా," అన్నాడు ఈరన్న. "ఇంతకంటే పెద్దదే వచ్చేది."

ఆమె తలాడించింది. తడి రెక్కలు విదిలించుకుని ఓబులు పక్కకు వెళ్లి కూర్చుంది. ఇద్దరూ వాగు మలుపు వైపే చూస్తుండిపోయారు. ఈరన్న ఆ కొమ్మ మీదే ఉన్నాడు గానీ, వాళ్ల పక్కన కూర్చునే ధైర్యం ఆయనకు ఇక ఎప్పటికీ రాలేదు.

ఊరికి పని తెస్తానన్నవాణ్ణి ఎంత గింజ పెడతావని అడిగితే చాలదు, వాడు వెళ్లిపోయిన రోజున మన చేతిలో ఏ విద్య మిగులుతుందో ముందే అడగాలి.