రేవతుడి కుండలో నల్లరాళ్ళు

కృష్ణ ఒడ్డున ఉన్న బౌద్ధ విహారంలో రోగుల కోసం ఒక శాల ఉండేది. హంఘుడు, రేవతుడు అనే ఇద్దరు భిక్షువులు అక్కడ సేవ చేసేవారు. ఇద్దరిలో ఎవరి పని మెరుగో తేల్చాలని అక్కడే చదువుకునే సిద్ధికుడికి తోచింది. కుర్రవాడు, ఎవరూ చెప్పకపోయినా పని నెత్తిన వేసుకునే రకం. పైగా లెక్కల్లో దిట్ట.

చెరొక కుండ పెట్టాడు. రోగి నడిచి ఇంటికి వెళితే తెల్లరాయి, పాడె మీద వెళితే నల్లరాయి. వానాకాలం ముగిసేసరికి లెక్క తేలింది. కుండలు రెండూ మోసుకుని గురువు నాగబోధి దగ్గరికి వచ్చాడు.

"భంతే, హంఘులవారి దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది బాగుపడుతున్నారు. రేవతులవారి దగ్గర ముగ్గురే! ఆయన్ని గోశాలకు మార్చెయ్యండి. ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో!"

"ఆవులేం పాపం చేశాయి?" అని నవ్వాడు గురువు. "సరే, రేపు మారుద్దాం. ఇవాళ గుమ్మం దగ్గర నా పీట మీద నువ్వు కూర్చో. వచ్చినవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు బదులు నువ్వే చెప్పు" అన్నాడు.

రోగులు వచ్చే వేళకు సిద్ధికుడు రోజూ పాఠంలో ఉండేవాడు. ఈ పని అతనికి కొత్త. కుండలు పక్కన పెట్టుకుని హుషారుగా కూర్చున్నాడు.

కాలు బెణికిన జాలరి వచ్చాడు. "హంఘులవారి దగ్గరికి."

చలిజ్వరంతో వణుకుతూ ఒకావిడ వచ్చింది. "హంఘులవారి దగ్గరికే."

మధ్యాహ్నం ఎద్దుబండి వచ్చి ఆగింది. గడ్డి మీద ఒక ముసలాయన. బండి తోలుకొచ్చింది కూతురే.

"మా నాయన నిన్నటి నుంచి కళ్ళు తెరవట్లేదు స్వామీ. దారి పొడుగునా పిలుస్తూనే ఉన్నా."

సిద్ధికుడు నాడి పట్టుకున్నాడు. అందలేదు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో సన్నగా తగిలింది.

"రేవతులవారిని పిలవండి, తొందరగా!" అని కేకేశాడు.

ఆ కేక తన చెవినే పడింది. వెనక్కి తిరిగి చూశాడు. గురువు గోడకు ఆనుకుని ఎండ కాగుతున్నాడు.

రేవతుడు వచ్చి ముసలాయన్ని పసిబిడ్డలా ఎత్తుకున్నాడు. "మీ నాయన పేరేంటమ్మా?" అని అడిగి, ఆ పేరుతో పిలుస్తూ లోపలికి తీసుకెళ్ళాడు.

పొద్దు వాలుతుండగా బయటికి వచ్చాడు. వెనకే కూతురు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"చివరికి కళ్ళు తెరిచాడు స్వామీ. నన్ను గుర్తుపట్టి పోయాడు" అంది సిద్ధికుడితో.

రేవతుడు తన కుండ దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. "నల్లరాయి ఇవ్వు నాయనా." ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు.

"ఇచ్చెయ్యి సిద్ధికా" అన్నాడు గురువు. "లెక్క తప్పకూడదు కదా."

రాయి సిద్ధికుడి చేతిలోనే ఉంది. గుప్పిట విప్పడం మాత్రం అతని వల్ల కాలేదు.