డైసీ పూలు, అమ్మగారి దీపం

ఇంగ్లీషు నుడికారం ఏదైనా పట్టుకెళ్ళి అర్థం అడిగితే దక్షిణామూర్తి మాస్టారు ఓ పట్టాన చెప్పరు. "ఎవరు, ఎవరితో, ఎప్పుడన్నార్రా?" అని ఎదురడుగుతారు. కుక్కలూ పిల్లులూ కురవడమంటే జడివాన అని ఒక్క ముక్కలో తేలిపోయేదానికి ఈ ఆరా ఏమిటని భీమిలిలో ఆయన శిష్యులందరికీ విసుగే. అందరికంటే ఎక్కువ విసుగు సన్యాసిరావుకి. పాతకాలం తెల్లవాళ్ళ సమాధులు చూడ్డానికొచ్చే విదేశీయులకి గైడుగా తిరుగుతూ, నుడికారాలన్నీ అర్థాలతో సహా బట్టీ పట్టేశాడు మరి!

ఆ సాయంత్రం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. పొద్దున్న మార్గరెట్ అనే పెద్దావిడని సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాడట. నిరుడు భర్త పోయాడని ఆవిడ చెబితే, ఓదార్పుగా ఉంటుందని, "అయితే ఆయన డైసీ పూలని పైకి నెడుతున్నారన్నమాట" అని ఇంగ్లీషులో అన్నాడట. ఆవిడ మొహం పాలిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళి కారెక్కి కూర్చుంది.

"మనిషి పోయి మట్టిలో ఉన్నాడనే కదా మాస్టారూ దానర్థం? ఏటి తప్పు చెప్పాను?"

"అర్థం తప్పలేదు. అది వాళ్ళు వేళాకోళానికి అనే మాట."

"వేళాకోళమని పువ్వుల మీద రాసుందా! వచ్చినప్పట్నుంచీ నన్ను సొంత మనిషిలా చూసింది. రేపు పొద్దున్నే వెళ్ళిపోతుంది, ఆ బాధతోనే. అర్థం సరిపోయాక కూడా మాట ఎందుకు గుచ్చుకుంటుందండీ?"

మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు. "కాస్త లోపలికెళ్ళి దీపం చూసిరా" అన్నారు.

ఇదెక్కడి గోల బాబూ, నా ఏడుపు నాదైతే ఈయనకి దీపం కావాల్సొచ్చింది! అనుకుంటూనే లేచాడు. లోపలి గదిలో సరస్వతమ్మగారి ఫోటో ఉంది. ఆవిడ మాస్టారి భార్య. పోయి ఏడాది కాలేదు. పాఠానికొచ్చిన ఏ పిల్లాణ్ణీ అన్నం పెట్టకుండా పంపేది కాదు. ఫోటో ముందు ప్రమిదలో నూనె అయిపోయి, ఒత్తి నల్లబడి, సన్నగా పొగ వస్తోంది.

సన్యాసిరావు మెల్లగా వెనక్కొచ్చాడు. చేతులు కట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "అమ్మగారి దగ్గర దీపం కొండెక్కిందండి" అన్నాడు.

"ఆరిపోయిందని చెప్పొచ్చుగా. అర్థం అదేగా?"

"అయ్యో, అమ్మగారి దీపాన్ని పట్టుకుని అంత మాటా! నాకు నోరెలా వస్తుందండీ?" అనేసి అక్కడే ఆగిపోయాడు. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

మాస్టారు నూనె సీసా అందుకుని లోపలికి నడిచారు. సన్యాసిరావు వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇప్పుడే ఆవిడ బస చేసిన చోటికి వెళ్తాను మాస్టారూ. ఏ మాట అనమంటారో చెప్పండి, చాలు."

ఆయన ప్రమిదలో నూనె పోసి, ఒత్తి సరిచేసి, వెలిగించారు.

"ఇందాక దీపం సంగతి చెప్పేటప్పుడు నీ గొంతు తగ్గింది చూశావూ? దాన్ని వెంటబెట్టుకెళ్ళు."