లేసు ఎటువైపు

ఫైనల్‌కి కెప్టెన్ ఎల్లేశం అని కోచ్ హాషిం సాబ్ జట్టందరి ముందూ చెప్పేసరికి దశరథ్‌కి ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! యాభైల మొదట్లో హైదరాబాదులో కాలేజీ ఫుట్‌బాల్ అంటే జనం మైదానం చుట్టూ విరగబడేవాళ్లు. ఆ సీజనంతా వాళ్ల నోట ఒకటే పేరు, దశరథ్. కార్నర్ నుంచి బంతి గాల్లోకి లేవడం, అతను ఎగిరి తలతో కొట్టడం, వల కదలడం. పేపర్లో అతని ఫోటో పడింది. ప్రిన్సిపాల్ గారు అతని మెళ్లోనే దండ వేశారు.

ఆ కార్నర్లన్నీ కొట్టింది లెఫ్ట్ వింగ్‌లో ఆడే ఎల్లేశం. అతని పేరెత్తిన వాడు ఒక్కడుంటే చూపించండి! పైగా వెక్కిరింపులు. కార్నర్ దగ్గర బంతి పెట్టడానికి అతనికి చాలాసేపు పడుతుంది. వంగుతాడు, బంతిని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాడు, లేస్తాడు, మళ్లీ వంగుతాడు.

"పెండ్లిపిల్లను ముస్తాబు చేస్తున్నవారా? జల్దీ కొట్టు!" అని గోల్ ముందు నుంచి దశరథ్ అరిచేవాడు. చూసేవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. టిక్కెట్టు కొన్నంత మాత్రాన కళ్లు వస్తాయా?

ఫైనల్‌కి ముందురోజు పొద్దున్నే దశరథ్ మైదానానికి వచ్చాడు. ముసలి కోచ్ హాషిం సాబ్ ఒక్కరే కూర్చుని బంతికి గాలి కొట్టి మూతి బిగిస్తున్నారు. అప్పటి బంతులకి లోపల రబ్బరు బ్లాడర్, పైన తోలు. మూతి దగ్గర బూటుకి కట్టినట్టు తోలు లేసు ఉండేది. బిగించాక ఆ చోటు గట్టిగా ఉబ్బి ఉండేది.

"సాబ్, గోల్స్ కొట్టింది నేను. కెప్టెన్ వాడా?"

సాబ్ లేసు బిగిస్తూనే ఉన్నారు.

"సీజన్ మొత్తంల వాడు ఒక్క గోల్ కొట్టిండా? మీరే చెప్పుండ్రి! ఇది అన్యాయం సాబ్. వాని కింద నేనాడ. రేపు నన్ను పిలవకుండ్రి."

సాబ్ ముడి వేసి లేచారు. "పోయి గోల్ ముందల నిలబడు."

"నేనేం అడుగుతున్న, మీరేం చెప్తున్నరు?"

"నిలబడు బేటా. ఒక్క కార్నర్."

దశరథ్ గొణుక్కుంటూ వెళ్లి నిలబడ్డాడు. సాబ్ ఎడమ మూలకు నడిచి, బంతిని ఎలా పడితే అలా నేల మీద పడేసి కొట్టారు. ముసలి కాలే అయినా బంతి చక్కగా లేచింది. దశరథ్ అలవాటు కొద్దీ ఎగిరి తలతో కొట్టాడు.

బంతి వలలో పడింది. దశరథ్ నొసలు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్లకి రక్తం అంటింది.

"ఏంది సాబ్ ఇది! సంపుతరా నన్ను? లేసు సక్కగ నొసటికే తగిలింది!"

"ఔను. ఎటు దిక్కున్నదో నేను చూసుకోలే," అన్నారు సాబ్. దగ్గరికి వచ్చి రుమాలు ఇచ్చారు. "ఈ సీజన్ల నీకు ఇట్ల ఎన్నిసార్లు తగిలింది?"

దశరథ్ నొసటి మీద మెల్లగా వేళ్లు జరిపి చూసుకున్నాడు. ఇప్పటి గాయం తప్ప పాత గాటు ఒక్కటీ లేదు.

సాబ్ వెళ్లి ఇంకో బంతికి గాలి కొట్టడం మొదలుపెట్టారు.

సాయంత్రం జట్టంతా ప్రాక్టీసుకి వచ్చింది. దశరథ్ కూడా వచ్చాడు, నొసటికి గుడ్డ కట్టుకుని. ఎవరడిగినా దెబ్బ ఎలా తగిలిందో చెప్పలేదు.

కార్నర్ వచ్చింది. ఎల్లేశం మూలకు వెళ్లి వంగాడు. బంతిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

గోల్‌కీపర్ నవ్వుతూ, "పెండ్లిపిల్ల తయారైందా? జల్దీ కొట్టు!" అని అరిచాడు.

దశరథ్ గిర్రున అతని వైపు తిరిగాడు.

"నోరు మూసుకుంటవా లేదా? కెప్టెన్ బంతి పెడుతుండు."